చివరి బస్సు ఎన్నింటికని అడగలేదు

మా ఆయన పోయాక ఓదార్చడానికి వచ్చేవాళ్ళను భరించడం నా వల్ల కాలేదు. మొదటినుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ పిల్ల నోటి ముందు మిరపకల్లం ఘాటు కూడా చాలదని మా అత్తగారు బతికున్న రోజుల్లో అంటుండేది. వచ్చినవాళ్ళంతా నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగేవాళ్ళు, ఇంక ఎవరి దగ్గర ఉంటావమ్మా అని. మాకు పిల్లల్లేరు. మా అన్నయ్య తన దగ్గరికి వచ్చెయ్యమన్నాడు. మా మరిది ఇక్కడే ఉండమన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే, కాదనను. కానీ నేను కూర్చున్న గదిలోనే, నేను లేనట్టే, నన్ను ఎక్కడ ఉంచాలో మాట్లాడుకునేవాళ్ళు.

మా ఆయన పోయింది మిరప చేలో. తెల్లవారుజామున కరెంటు ఇచ్చారని మోటారు వేయడానికి వెళ్ళాడు. మంచుకి స్టార్టరు పెట్టె చెమ్మగిల్లి ఉంది. అంతే. ఇంటి దగ్గర నేను టీ కాచి గిన్నె మీద మూత పెట్టి ఉంచాను. ఆ టీ తర్వాత ఎవరు పారబోశారో నాకు తెలియదు. ఆ రోజు నుంచీ ఆ చేను వైపు నేను తొంగిచూడలేదు. అటు పోవాల్సిన పని పడితే ఊరు చుట్టి వేరే దారిన పోయేదాన్ని.

సంవత్సరీకాలు కాగానే గుళ్ళకి పోయొస్తానని చెప్పి బయల్దేరాను. తోడు ఎవరని అన్నయ్య అడిగాడు. దేవుడి దగ్గరికి పోయేదానికి తోడెందుకని ఎదురడిగాను. తొంభైల చివరి రోజులవి. ముప్పై నాలుగేళ్ళ ఆడది ఒక్కతే సంచి పట్టుకుని బస్సెక్కితే బస్సంతా అటే చూసేది. పక్కన కూర్చున్న ప్రతి ఆవిడా ఒక్కదానివేనా అమ్మా అని మొదలెట్టేది. మా ఆయన వెనక బస్సులో వస్తున్నాడని చెప్పేదాన్ని. కోటప్పకొండ దగ్గర అదే చెప్పాను, మంగళగిరిలో అదే చెప్పాను. ఆయన ఉన్నన్నాళ్ళూ నేనే బస్సుకి ఆలస్యం చేసేదాన్ని, ఆయన ముందు వెళ్ళి సీటు పట్టేవాడు. ఆ మాట గుర్తొచ్చి ఒకసారి బస్సులోనే ఏడుపొచ్చేసింది. పక్కావిడ కిటికీ వేసి, కళ్ళలో దుమ్ము పడిందా అంది. పడిందన్నాను.

చీరాలలో దిగేసరికి ఏ గుడీ గుర్తు రాలేదు. స్టాండులో కదలడానికి సిద్ధంగా ఉన్న బస్సు ఒకటి కనపడితే ఎక్కేశాను. ఎక్కడికని కండక్టరు అడిగితే, ఎక్కడిదాకా పోతే అక్కడిదాకా అన్నాను. జీడిమామిడి తోటలూ సరుగుడు తోటలూ దాటాక రోడ్డు ఇసుకలో అయిపోయింది. అక్కడో చేపలోళ్ళ పాలెం. తాటాకు పాకలు, ఒడ్డున బోర్లించిన తెప్పలు, వాటి అవతల సముద్రం. మెట్ట పొలాల మనిషిని నేను. పెళ్ళయిన కొత్తలో ఒక కార్తీక పౌర్ణమికి జనం మధ్యన సముద్ర స్నానం చేశానే గానీ, మనిషి అనేవాడు లేకుండా అంత నీళ్ళు ఎప్పుడూ చూడలేదు. సంచి ఇసుకలో పెట్టి కూర్చున్నాను. బస్సు తిరిగి వెళ్ళిపోయింది.

పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాను. కొంచెం దూరంలో ఒక ముసలావిడ ఎండుచేపలు తిరగేస్తూ నన్నే చూస్తోంది. నల్లగా, సన్నగా, చెవులకి పెద్ద కమ్మలతో ఉంది. పాలెమంతా ఆవిడని అవ్వ అనేది, తర్వాత నేనూ అలాగే పిలిచాను. దగ్గరికొచ్చి ఏ ఊరని అడిగింది. చెప్పాను. మీ ఇంటాయన ఏడీ అంది. వెనక బస్సులో వస్తున్నాడన్నాను. ఆవిడ రోడ్డు వైపు ఒకసారి చూసి, సర్లే, వచ్చిందాకా మా పాకలో కూర్చుందువు రా అని నా సంచి తనే అందుకుంది. వెనక బస్సులో వచ్చేవాళ్ళు ఎవరూ లేరని ఆవిడకి అప్పుడే అర్థమై ఉండాలి. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు.

ఆవిడ పాక పక్కనే చిన్న పాక ఇంకోటి ఉంది, వలలూ బుట్టలూ పడేసేది. దాన్ని ఊడ్చి నాకిచ్చింది. తెల్లారకముందే వచ్చి లేపింది. వల లాగడానికి చేతులు తక్కువయ్యాయి, రా అంది. అదేం అడగడం, చుట్టాన్ని పనికి పిలుస్తారా అనుకున్నాను గానీ లేచి వెళ్ళాను. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల అది. అలివి అంటారు వాళ్ళు. తెప్ప మీద వలని సముద్రంలో చుట్టూ దింపి, రెండు కొసల తాళ్ళనీ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకి పదిమంది దాకా, ఆడా మగా, వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. అరచేతులు మండిపోయాయి. వల ఒడ్డుకి చేరేసరికి ఎండెక్కింది. వల సంచిలో వెండి పైసలు పోసినట్టు చేపలు, ఎక్కువగా కవళ్ళు.

అక్కడే నేను తప్పు చేశాను. వల పెద్దాయన, అంటే వల వేసే చోటు చెప్పేదీ చేపలు పంచేదీ ఆయనే, కుప్పలు పోస్తూ నా ముందు కూడా దోసెడు చేపలు పోశాడు. నాకు ఒళ్ళు మండింది. మా చేలో ఇరవైమంది మిరపకాయలు కోస్తుంటే గట్టున నిలబడి చూసుకున్నదాన్ని, నాకు కూలి ఇస్తాడా అనిపించింది. ఆ చేపలు తీసి మళ్ళీ పెద్ద కుప్పలో వేసేశాను, నాకు కూలి అక్కర్లేదు అని. అందరూ ఒక్కసారి నిలబడిపోయారు. వాళ్ళలో ఒకసారి పంచిన చేప తిరిగి కుప్పలో పడకూడదట. అవ్వ వచ్చి ఆ చేపల్ని ఏరి నా కొంగులో పోసింది.

"కూలి కాదమ్మాయ్, వాటా. తాడు పట్టినోళ్ళందరికీ వస్తది. ఇంకోటి కూడా ఉంది, విను. ఇయ్యాల వాటా తీసుకున్నోళ్ళు రేపు పొద్దున్నే తాడు పట్టాల. పట్టకపోతే వలకి మంచిది కాదు."

ఇదేం కట్టుబాటు అనుకున్నాను. మా వైపు కోత అయిపోతే కూలీలు ఎవరి దారిన వాళ్ళు పోతారు. కానీ పరాయి ఊళ్ళో వాళ్ళ వలకి చెడు చేసినదాన్నని పేరు ఎందుకు? మర్నాడు ఒక్కరోజు తాడు పట్టి పోదామనుకున్నాను. మర్నాడు మళ్ళీ వాటా పోశారు. వద్దనడానికి లేదు, తిరిగి వెయ్యడానికి లేదు. ఆ పై రోజు మళ్ళీ.

అలా పాలెంలో కుదురుకున్నాను. క్షేమంగానే ఉన్నానని, వెతకొద్దని అన్నయ్యకి ఒక కార్డు ముక్క రాసి పడేశాను. పొద్దున తాడు, తర్వాత చేపలు చీల్చి ఉప్పు పట్టించడం, ఇసుకలో ఆరబెట్టడం, కాకుల్ని తోలడం. మా ఇళ్ళలో చేపంటే చెరువు కొరమీనే, సముద్రం చేప నీచు అని గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. వారం తిరక్కుండానే నా చీరలన్నీ అదే వాసన. నేను వండిన పులుసు తిని ఆడవాళ్ళు నీళ్ళ చెంబు కోసం పరిగెత్తారు, మిరపకాయల ఊరి చెయ్యి కదా మరి. పొద్దెక్కాక సముద్రం మీద నుంచి గాలి తిరిగేది. ఆ గాలికి కూర్చుంటే ఏమీ గుర్తు రాకుండా కాసేపు ఉండగలిగేదాన్ని. కాసేపే.

ఒక్కటే చికాకు. నన్ను ఒంటరిగా వదిలేవాళ్ళు కాదు. నీళ్ళ దగ్గరికి పోతే ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చునేవాళ్ళు. సరుగుడు తోట వైపు నడిస్తే, నేనూ పుల్లలకే వస్తున్నా అంటూ ఒకతి తయారు. అవ్వయితే తన పాక వదిలేసి నా గుమ్మంలోనే చాప వేసుకుంది, లోపల ఉక్కగా ఉందని. ఇంటి దగ్గర చుట్టాల గోల తప్పించుకుని వస్తే ఇక్కడ ఇదొకటా అని లోపల్లోపల కుతకుతలాడేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఆగలేకపోయాను. సముద్రం పోటు మీద ఉంది. ఒడ్డు వెంట చాలా దూరం నడిచి, పాలెం కనపడని చోట నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డాను. వెనక్కి చూస్తే చేపల గంప నెత్తిన పెట్టుకుని మా పక్క పాకావిడ, రొప్పుతూ వస్తోంది. ఆవిడ రోజూ ఆ గంపతో చీరాల వైపు పోవాలి, ఇటు కాదు. నేను గట్టిగా అరిచాను. నా వెంట పడి తిరగడానికి నేనేమన్నా దొంగనా, మీ పాలెంలో ఏం ఎత్తుకుపోయాను అని ఇష్టమొచ్చినట్టు తిట్టాను. ఆవిడ గంప దించి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"దొంగవనుకుంటే పొమ్మనేవాళ్ళం కదమ్మా. నువ్వు చచ్చిపోవడానికి వచ్చావని అవ్వ చెప్పింది. అందుకని వంతులు వేసుకుని చూసుకుంటున్నాం. ఇయ్యాల నా వంతు."

అల వచ్చి నడుం దాకా తడిపింది. ఆవిడ చెయ్యి చాపింది, పట్టుకుని బయటికొచ్చాను. గంప ఆవిడ నెత్తికెత్తి పాలెం వైపు నడిచాను.

అవ్వ వల అల్లుతూ కూర్చుంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడి, నా గురించి అలా చెప్పడానికి నీకేం తెలుసు అని నిలదీశాను. తల ఎత్తకుండానే చెప్పింది. సముద్రం చూడ్డానికి ఇక్కడికి వచ్చినోళ్ళు ఎవరైనా సరే, ముందు అడిగేది చివరి బస్సు ఎన్నింటికని. పెద్దోళ్ళు, కొత్త దంపతులు, తాగి వచ్చే కుర్రాళ్ళు కూడా అడుగుతారు. నువ్వు అడగలేదు అంది. అంతకు కొన్నేళ్ళ ముందు ఇంకొకామె అలాగే వచ్చిందట. ఆమె కూడా అడగలేదట. ఆమె మీద అవ్వకి అనుమానం రాలేదు, మంచినీళ్ళిచ్చి తన పనిలో పడిపోయింది.

"తర్వాత ఆమె మా వలలోనే వచ్చింది ఒడ్డుకి. తాడు పట్టుకుని ఉన్నాన్నేను."

అంతే చెప్పి మళ్ళీ ముడి వేసుకుంది. నేను అక్కడే కూలబడ్డాను. చావడానికి వచ్చానా? ఇన్నేళ్ళ తర్వాత కూడా సూటిగా చెప్పలేను. ఫలానా పని చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు. కానీ బస్సు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే చూశాను, నాకు దానితో పని లేదనిపించింది. ఆ మాట అవ్వకి చెప్పాను. చెప్పాక ఏడుపు వచ్చింది. ఆయన పోయాక అందరి ముందూ ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. అవ్వ ఓదార్చలేదు. వల అల్లుతూనే ఉంది, ఒక మోకాలు మాత్రం జరిపి నా భుజానికి ఆనించింది.

మర్నాడు కూడా తాడు పట్టాను. చేపలు పంచుతుంటే వల పెద్దాయన్ని అడిగాను, నేను రేపు రాకపోతే వలకి నిజంగానే కీడా అని. ఆయన ఇసుక వైపు చూసి తల గోక్కున్నాడు. "అట్లాంటి కట్టు మాకు ఏదీ లేదమ్మా. ఎవరికి వీలైతే వాళ్ళు వస్తారు. నీకోసం పెట్టింది అవ్వ. మమ్మల్ని మాట్లాడొద్దంది" అన్నాడు.

నా చుట్టూ తాడు పట్టిన వాళ్ళందరి మొహాలూ చూశాను. ఒక్కళ్ళూ నా కళ్ళలోకి చూడలేదు. ఇన్నాళ్ళూ పెద్దా చిన్నా అంతా ఒక అబద్ధాన్ని ఇంత నిష్ఠగా మోశారు. రోజూ నాకు ఒక రేపు అంటగట్టి పంపించారు. నాకు కోపం రావాలి. రాలేదు.

ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు ఉన్నాను, నా ఇష్టంతో. తాడు పట్టడం కూడా ఇష్టంతోనే. వాళ్ళు వంతులు మానేశారో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. గాలి మారి, నెత్తళ్ళ కాలం మొదలైంది. మా వైపు మిరపకి తడులు పెట్టే రోజులని ఒక పొద్దున తాడు లాగుతూనే గుర్తొచ్చింది. అంతకుముందు గుర్తొస్తే కళ్ళు మూసుకునేదాన్ని. ఆ రోజు తాడు లాగుతూ, ఈపాటికి పూత వచ్చి ఉంటుంది, మరిది ఏం చేస్తున్నాడో అనుకున్నాను.

వల ఒడ్డుకి వచ్చింది. అందరూ చుట్టూ చేరారు. నేను చేతులు దులుపుకుని అడిగాను.

"అవ్వా, చీరాల పోయే చివరి బస్సు ఎన్నింటికి?"

కుప్పలు పోస్తున్న వల పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. పక్క పాకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ నా వైపు చూసి ఇసుకలో కూర్చుండిపోయింది. నేను ఆవిడ కంట్లో తడి చూడడం అదే మొదలు. అయిదింటికి, కానీ చివరిదాని దాకా ఎందుకు, పెందలాడే పో, ఇంటికి చేరేసరికి పొద్దు ఉండాలి అంది. తర్వాత లేచి, నా వాటా నెత్తళ్ళు కొన్ని పక్కకి పెట్టి, బదులుగా తను ఎండబెట్టినవి మూటగట్టి నా చేతిలో పెట్టింది.

"వాటా తీసుకున్నావు. రేపు పొద్దున తాడు పట్టాల."

"అట్లాంటి కట్టు లేదంటగా అవ్వా."

"లేకపోతే ఏం? పట్టు" అంది.

అన్నయ్య ఊరికి పోలేదు. మా ఊళ్ళోనే దిగాను. మర్నాడు తెల్లవారకముందే అలవాటుగా మెలకువ వచ్చింది. లేచి చెప్పులేసుకుని, ఊరు చుట్టి పోకుండా సూటి దారినే చేనికి నడిచాను. మరిది స్టార్టరు పెట్టెకి కొత్త రేకు వేయించాడు, కింద చెక్క పలక పెట్టించాడు. పలక మీద చాలాసేపు నిలబడ్డాను. అక్కడ పాలెంలో ఈపాటికి తాడు అందుకుని ఉంటారనుకున్నాను. పచ్చ మీట నొక్కాను. మోటారు కొంచెం గొణిగి అందుకుంది. నీళ్ళు పడ్డాయి, మిరప సాళ్ళ మధ్య బోదెలు నిండేదాకా గట్టు మీదే ఉన్నాను.