ఎదురింటి దిండు

ఎదురింటి భాయ్ మొన్న శుక్రవారం పోయారు. వాళ్ళింట్లో పలకరించి వస్తూ మా అరుగు మీద కూర్చున్నప్పుడు మన వీధివాళ్ళు, మీలో ఒకరు, "మంచోడేలే గానీ, ఆయన చెయ్యి పడబట్టేగా మన టీచరమ్మ కాలు బొబ్బలెక్కింది" అన్నారు. అది తప్పు. ఆ మాట పుట్టించింది నేను కాబట్టి దిద్దాల్సిందీ నేనే.

నిరుడు ఎత్తిపోతల జలపాతం చూడబోయి, నీళ్ళకంటే ముందు నేను పడ్డాను. చీలమండ విరిగింది. మాచర్లలో ఇల్లు చేరేసరికి పాదం గుమ్మడికాయంత అయింది. విరిగిన ఎముకలకు కట్లు కట్టే భాయ్, కబురు అందగానే వచ్చారు. ఎవరి ఎముక ముట్టుకోవాలన్నా ముందు అరచేతులు రుద్ది వేడి చేసుకోవడం ఆయన అలవాటు. తడిమి చూస్తూ, "పొద్దున ఏం కూరమ్మా?" అన్నారు.

"నా కాలు విరిగితే మీకు కూర కావాలా?"

"కూర సంగతి చెప్పేటోళ్ళు ఏడవరమ్మా."

ఆ రోజు ఆయన కట్టు కట్టనే లేదు. "వాపు చానా ఉంది, ఇప్పుడు బిగించకూడదు. పేట పోయి ఎముకకి ఫొటో తీయించుకోండి. రేపో ఎల్లుండో నీటిబొబ్బలొస్తాయి, గిల్లమాకండి" అన్నారు. తన ఇంట్లోంచి దిండు తెచ్చి, నా కాలు దాని మీద ఎత్తి పెట్టి వెళ్ళారు.

బొబ్బలు వచ్చాయి. అవి మానేదాకా నరసరావుపేటలో ఆపరేషన్ వాయిదా వేశారు. నొప్పి ఒకటి, ఉక్రోషం ఒకటి. చూడవచ్చిన ప్రతివారితోనూ "అంతా ఆయన పిసికిన పిసుకుడే" అన్నాను. ముప్పయ్యేళ్ళు సైన్సు పాఠం చెప్పిన నోరు కదా, అందరూ నమ్మారు.

డాక్టరు మాత్రం, "ఎముక విరిగి బాగా వాస్తే చర్మం తట్టుకోలేక బొబ్బలెక్కుతుందండీ. ఎవరూ ముట్టుకోకపోయినా వస్తాయి. కాలు ఎత్తులో పెట్టిందెవరోగానీ మంచిపని చేశారు" అన్నారు.

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కట్టు కోసం ఆయన గుమ్మం ఎక్కినవాళ్ళూ నాకు కనపడలేదు.

కర్ర పట్టుకుని మొదటిసారి గేటు దాకా నడిచిన రోజు, ఆయన అవతల నుంచి అడిగారు: "బొబ్బలు మానినయ్యా అమ్మా?"

"మానాయి" అన్నాను. ఇంకో మాట చెప్పాల్సి ఉంది. ఎండ ఎక్కువగా ఉందన్నాను. ఆయన అవునన్నారు.

దిండు ఇంకా నా దగ్గరే ఉంది. గలేబు ఉతికాను. నా మడమ పడ్డ గుంట మాత్రం దూదిలో అలాగే ఉంది.

ఆదివారం పదింటికి మీలో ఒకరు రండి. మా గేటు ముందు మురుగుకాలవ దాటడానికి చెయ్యి అందించాలి. కుదిరినవాళ్ళంతా వస్తే మరీ మంచిది, ఆయన భార్యకు చెప్పేది మీరూ వినాలి. దిండు మాత్రం ఎవరూ అందుకోవద్దు. అది నేనే మోస్తాను.