బొట్టు పెట్టించుకున్న డిస్కులు

మొన్న దసరాకి నోయిడాలోని మా ఫ్లాట్‌లో మిక్సీకి, కుట్టుమిషనుకి, కింద నిలబెట్టిన కారుకి కుంకుమ పెట్టి, చివరికి మా అమ్మాయి లాప్‌టాప్ దగ్గరికి వెళ్లేసరికి, తను రెండు చేతులతో కీబోర్డును కప్పేసి “మమ్మీ, ప్లీజ్, కీస్ మే మత్ గిరానా!” అంది, మీటల మధ్య కుంకుమ రాల్చొద్దని. ఆసుపత్రుల రికార్డులు చూసుకునే ఏదో కంపెనీకి తను ఇంటి నుంచే పనిచేస్తుంది. పోనీ మీ సర్వర్ ఎక్కడుందో చెప్పు, దానికే పెడతానన్నాను. “క్లౌడ్ మే హై, మమ్మీ” అని నవ్వింది, అదేదో మబ్బుల్లో ఉన్నట్టు. నేనూ నవ్వాననే అనుకుంటాను గానీ, కుంకుమ అంటిన వేలితో అలా నిలబడినదాన్ని నిలబడినట్టే, ఢిల్లీలో ఒక పాత ఆసుపత్రి కంప్యూటర్ గదిలోకి వెళ్లిపోయాను.

ఆ రోజుల్లో నేను సర్వర్లు బాగుచేసే ఇంజినీరుని. కాకినాడలో మా నాన్నగారు ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటే, హోటల్లో ఇడ్లీలు అందించేవాళ్లనే సర్వర్లుగా ఎరిగిన మా పెద్దత్తయ్య, పాపం వాళ్లకేం జబ్బు చేసిందని జాలిపడిందట. నా పరిస్థితి చూసి జాలిపడి ఉంటే ఇంకా సబబుగా ఉండేది. సీడీలు, ఫ్లాపీలు, స్క్రూడ్రైవర్లు కుక్కిన సంచి భుజాన వేసుకుని బస్సు దిగి ఏ ఆఫీసుకు వెళ్లినా, అక్కడివాళ్లు నన్ను దాటి నా వెనక్కి చూస్తూ ఇంజినీర్ సాబ్ ఏరని అడిగేవారు. ఒక్కోసారి నేనూ వెనక్కి తిరిగి చూసేదాన్ని, నిజంగా ఎవరైనా వస్తే బాగుండునని.

ఆ ఆసుపత్రి కంప్యూటర్ గదిని చూసుకునేది మన తెలుగావిడే. రక్తసంబంధం లేకపోయినా మా కాలనీలో తెలుగువాళ్లందరికీ ఆవిడ అక్కయ్య. ఢిల్లీ అంతా ఆంటీలతో నిండిపోయినా ఆవిడొక్కరూ అక్కయ్యగానే మిగిలారు. చెప్పులు బయట విడిస్తే గానీ లోపలికి రానిచ్చేవారు కాదు. దుమ్ము పడుతుందని పైకి అనేవారు గానీ, ఆ గది ఆవిడకు పూజగది లాంటిదని మాకందరికీ తెలుసు.

దసరా వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఆవిడ దగ్గర్నుంచి ఫోను, సర్వర్ లేవడం లేదని. మామూలుగా అయితే తాపీగా వెళ్లేదాన్ని. కానీ ఆ సర్వర్‌లో ఉన్నవి కాన్సర్ రోగుల రేడియేషన్ వివరాలు: ఎవరికి ఎంత మోతాదు పడింది, ఇంకా ఎంత పడాలి. కంప్యూటర్ వచ్చింది కదా అని అప్పటికే కార్డుల మీద రాయడం మానేశారు. నకలు తీసిపెట్టే టేపు యంత్రం చెడిపోయింది, దాన్ని బాగుచేయించే ఫైలు ఏదో బల్ల మీద విశ్రాంతి తీసుకుంటోంది. ముందు పడిన మోతాదు తెలియనిదే డాక్టర్లు తర్వాతది ఇవ్వరు. వీళ్లు ఆగినంత మాత్రాన జబ్బు ఆగదు.

వరండాలో బెంచీల నిండా మనుషులు. ఘాజియాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మెడ మీద రేడియేషన్ ఎక్కడ పడాలో సిరాతో గుర్తులు పెట్టి ఉన్నాయి. పక్కనున్న ఆయన భార్య నా సంచి పట్టుకుని “బేటీ, మషీన్ చల్ జాయేగీ నా?” అని అడిగింది. నడుస్తుందన్నట్టు తలూపాను. ఆ రోజు నా దగ్గర తడబడకుండా పనిచేసింది ఆ తల ఒక్కటే, అదీ పైకి మాత్రమే.

బూట్లు విప్పితే తప్ప రానివ్వని గదిలో బూట్ కాని యంత్రం. నల్లటి తెర మీద, ఆపరేటింగ్ సిస్టమ్ కనబడలేదని తెల్లటి అక్షరాలు. ఇన్‌స్టలేషన్ సీడీ వేసి చూస్తే అసలు డిస్కులే లేవంది. డిస్కులేమో పక్కనే గిర్రున తిరుగుతున్నాయి. వాటిని ఎలా చూడాలో చెప్పే ఫ్లాపీ కూడా పెట్టాను. అప్పటికీ లేవనే అంది. తలుపు దగ్గర నిలబడ్డ సూపరింటెండెంటు గారికి ఓపిక అయిపోయింది.

“మేడమ్ జీ, ఫార్మాట్ మారో, నయా డాల్ దో! ఇత్నా క్యా సోచ్‌నా?”

ఫార్మాట్ చేసి అన్నీ కొత్తగా వేస్తే లేస్తుంది, నిజమే. కానీ లేచాక ఎవరినీ గుర్తుపట్టదు.

డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డును అడిగి చూశాను. డిస్కుల అమరిక మారింది, ఈ కొత్త అమరికకు ఒప్పుకుంటావా అని అదే నన్ను ఎదురడిగింది. అవునంటే పాత రాత చెరిగిపోవచ్చు. వేలు మీటదాకా వెళ్లి ఆగింది. అమరిక ఎందుకు మారుతుంది? సర్వర్ ముందు తలుపు తెరిచాను. ప్రతి డిస్కు నుదుటా కుంకుమ బొట్టు! ఎడమ చివరిదానికి పెళ్లికూతురికి పెట్టినంత నిండుగా ఉంది; కుడికి పోయేకొద్దీ పలచబడుతూ, చివరిదానికి వేలి గుర్తు మాత్రమే మిగిలింది.

“అక్కయ్యా, వీటిని బయటికి తీశారా?”

“పూజకి తీశానే. ఎలాగూ సెలవులకి ఆపేశాం గదా! సందుల్లో ఆ దుమ్ము చూసి ప్రాణం ఒప్పలేదు. మెత్తటి గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, మళ్లీ పెట్టేశాను. ఏం, ఏమైనా విరిగిందా?”

“విరగలేదు. ఏది ఏ గూట్లోదో గుర్తుందా?”

“అన్నీ ఒకేలా ఉంటాయి కదే అమ్మాయ్!” అన్నారు, కానీ ఆ మాట పూర్తయ్యేలోపే ఆవిడ ముఖం పాలిపోయింది.

పుస్తకం పేజీలు విడదీసి వరస తప్పించి కుట్టినట్టయింది. తోచిన వరసలన్నీ పెట్టి చూద్దామంటే, తప్పు వరసలో కార్డు ఏదైనా రాసేస్తే అంతే సంగతులు. ఆవిడనే మళ్లీ గుర్తు తెచ్చుకోమన్నాను. మాటల్లో ఎంతకీ రాలేదు. అప్పుడు ఆవిడ టిఫిన్ క్యారియర్ విప్పి, గిన్నెల్ని బల్ల మీద వరసగా పేర్చి, ఇవే డిస్కులనుకుని నిన్న చేసినట్టే చేయండి అన్నాను. పులిహోర గిన్నె మొదటి డిస్కు అయింది. ఆవిడ కళ్లు సగం మూసుకుని, ఎడమ నుంచి ఒక్కొక్కటే తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టారు. తర్వాత పైనుంచి ఒకటి తీసి, తుడిచినట్టు చేసి, బొట్టు పెట్టినట్టు చేసి, ఎడమ చివర పెట్టబోయి ఆగిపోయారు. చేతిలో ఉన్నది కుడి చివరి గిన్నె.

“తిరగేశానా?”

ఎడమవైపునున్న నిండు బొట్టు అవునంటోంది. మొదట బొట్టు పెట్టించుకున్న కుడి చివరి డిస్కే ఎడమ చివరి గూట్లోకి వెళ్లింది.

ఏమైందని సూపరింటెండెంటు గారు అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ “సర్, పూజా మైనే కీ థీ. గల్తీ మేరీ హై” అని తప్పంతా తనదేనని ఒప్పుకున్నారు. ఆయన ఆ బొట్లను చూశారు, తన మణికట్టుకు కట్టుకున్న ఎర్రదారం సవరించుకున్నారు, “పెహలే చాలూ కరో” అని, ముందు దాన్ని నడిపించమని మాత్రం అన్నారు.

కార్డు ప్రశ్నకు కాదని చెప్పి, యంత్రం ఆపి, డిస్కులన్నీ తిరగేసి పెట్టి, మళ్లీ స్విచ్ వేశాను. ఆ పాత యంత్రాలు లేవడానికి ఎంతసేపు పట్టేదో మన తరంవాళ్లకు చెప్పనక్కరలేదు. ఒక్కో డిస్కూ బరువుగా ఊపిరి పీల్చుకుని తిరగడం మొదలుపెట్టేది. అక్కయ్య ఉత్త కాళ్లతో, చేతులు జోడించకుండా, దేవుణ్ణి అడిగే హక్కు కూడా పోయినట్టు గోడకు ఆనుకుని నిలబడ్డారు. తెర మీద పాస్‌వర్డ్ అడిగే గడి వచ్చింది. అక్కయ్య చేతే టైపు చేయించాను; రోగుల మోతాదులన్నీ వరసగా తెర మీదికి వచ్చాయి. కాసేపటికి వరండాలో ఘాజియాబాద్ పెద్దాయన పేరు పిలిచారు. చివరి రోగి లోపలికి వెళ్లేదాకా అక్కయ్య ఆ వరండాలోనే నిలబడ్డారు. పులిహోర గిన్నె మూత తీయనేలేదు.

మరుసటి దసరాకు సర్వర్ ముందు తలుపు మీద ఒకే ఒక్క బొట్టు ఉంది. డిస్కులకు వరస అంకెలు అంటించి ఉన్నాయి.

కొన్నేళ్లకు, రిటైరయ్యాక, ఆవిడే ఆ బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. తోడు వెళ్లాను. అప్పటికి యంత్రం మారింది, గది మారింది, చెప్పులు ఎవరూ విప్పడం లేదు. మెడ మీద సిరా గుర్తులతో, తన పేరు పిలిచే ముందు నా చెయ్యి పట్టుకుని “లేచిందా?” అని అడిగారు. లేచిందన్నాను. యంత్రం లేచింది. అక్కయ్యే తర్వాత లేవలేదు.

ఈ రోజుల పద్ధతే మేలు, ఒకరి కుంకుమ వల్ల ఇంకొకరి వైద్యం ఆగే ప్రమాదం లేదు. నాకా మాత్రం తెలుసు. కానీ ఎవరి బతుకు ఏ పెట్టెలో ఉందో తెలిసి, దాని ముందు చెప్పులు విడిచి, భయంతోనూ ప్రేమతోనూ దుమ్ము తుడిచే మనిషి ఇప్పుడు ఎక్కడున్నట్టు? వేలికి మిగిలిన కుంకుమ ఎక్కడ పెట్టాలో తోచక, మా అమ్మాయి చెప్పిన చోటే పెడదామని బాల్కనీలోకి వెళ్లి పైకి చూశాను. నోయిడా పొగలో మబ్బు కూడా కనబడలేదు.