యాదయ్య తాతకు పెట్టిన లడ్డూ

దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి దుకాణం ముందు నెయ్యి వాసన తగిలితే ఇప్పటికీ నాకు యాదయ్య తాతే గుర్తొస్తాడు.

నా ఎనిమిదో ఏట ఎల్బీనగర్‌లో మా పక్క పోర్షన్‌లో యాదయ్య తాత ఉండేవాడు. కోచింగ్ పిల్లల మెస్‌లో వంటమాస్టరు. ఎవరికైనా జ్వరమొస్తే అడక్కుండానే జావ కాచి గదికి పంపేవాడు. ఆయనకు షుగరు. తీపి పెట్టొద్దని, మేం అవ్వ అని పిలిచే ఆయన భార్య అందరికీ చెప్పింది. అయినా ఒకరోజు తాత అడిగితే నా లడ్డూలో సగం చాటుగా ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే తాత చనిపోయాడు.

మెస్ పిల్లలంతా వాకిట్లో నిలబడి ఏడుస్తున్నారు. వాళ్లకు తెలిస్తే నన్నేం చేస్తారోనని మెట్ల కింద దాక్కున్నాను. తర్వాత కూడా అవ్వ కంటపడకుండా తిరిగాను. దినాలయ్యాక ఆమే నన్ను పట్టుకుంది.

“ఏమైంది బిడ్డా? నన్ను చూసి ఉరుకుతున్నవ్?”

“తాతకి లడ్డూ పెట్టానవ్వా. నావల్లే చనిపోయాడు.”

అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది.

“సగం లడ్డూకు పోతదా పానం? గుండె ఆగిందన్నరు డాక్టర్లు. నన్ను గూడ అడిగిండు బిడ్డా, ఆ పొద్దు. నేను పెట్టలే” అంటూ అవ్వ వెక్కివెక్కి ఏడ్చింది.

నా భయం అక్కడితో పోయింది. అవ్వ ఎందుకంతగా ఏడ్చిందో మాత్రం పెద్దయ్యాకే అర్థమైంది.