అద్దాల తొట్టెలో కొర్రమీను పిల్లలు

నా చిన్నప్పుడు చోడవరంలో రంగుచేపలు అమ్మే దుకాణం ఉండేది కాదు. మా పక్కింటి అక్క అత్తారింటి నుంచి ఒక్కర్తీ వచ్చేసి, తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకుంటుంటే, వాళ్ళ నాన్న విశాఖపట్నంలో డ్యూటీ దిగి వస్తూ ఒక అద్దాల తొట్టె, గప్పీలనే కాసిని చిన్న రంగుచేపలు తెచ్చారు. ఆయన్ని నేను పెదనాన్న అని పిలిచేదాన్ని. కూతురంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది విని ఆయన్ని కసాయివాడనుకుంటారు.

అక్క లేచి కూర్చుంది. తొట్టె అడుగున ఇసక పరిచి, నేను కాలువలోంచి పీక్కొచ్చిన నీటిమొక్కలు నాటింది. వాటి మధ్య గోరంత రొయ్యపిల్లల్ని వేశాం. కాలువలో ఏ చేప దొరికినా నేను పట్టుకొచ్చేదాన్ని, అక్క సగం తిప్పి పంపేసేది. "రంగు కాదే గుంటా, ముందు నోరు సూడు. దీని నోట్లో పట్టేదేదీ దీని పక్కన ఎయ్యకూడదు," అనేది. రొయ్య పెంకు విడిచిన రోజున ఒళ్ళంతా మెత్తగా ఉంటుందనీ, మళ్ళీ గట్టిపడేదాకా ఆకుల్లో దాక్కుంటుందనీ, ఆ ఆకులే లేకపోతే గప్పీలు కూడా దాన్ని పీకి తినేస్తాయనీ ఆమే చూపించింది. చూపిస్తున్నప్పుడు జాకెట్టు చేతి కింద కమిలిన మచ్చలు కనబడేవి. అడగాలని ఉండేది, కానీ భయమేసేది.

ఒకరోజు పెదనాన్న పొలం నుంచి వస్తూ గిన్నెలో ఎర్రటి చేపపిల్లల్ని తెచ్చారు. కొర్రమీను పిల్లలు పుట్టిన కొత్తలో అలాగే ఎర్రగా, ముచ్చటగా ఉంటాయి, పెరిగాక పక్క చేపల్ని మింగేస్తాయి. మావైపు ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు, ఆయనకీ తెలుసు. తొట్టె ఇంకా అందంగా ఉంటుందని మురిసిపోయారంతే.

"వద్దు నాన్నా. ఇవి మిగతావాటిని బతకనియ్యవు," అంది అక్క.

"సిన్నపిల్లలే అవి, ఏటి సేస్తాయి? కలిసుంటే అవే సర్దుకుంటాయిలే," అని ఒంపేశారు.

అప్పటికే అరుగు మీద పెద్దలు కూర్చుని అక్కకి రోజూ చెబుతున్నదీ ఆ మాటే. మొగుడు కొడితే సర్దుకోవాలి, అత్త తిడితే సర్దుకోవాలి. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. చివరికి కె.కోటపాడులోని అత్తారింట్లో దిగబెట్టి రావాలని తీర్మానించారు. పెదనాన్న తలూపారు.

ఈలోగా తొట్టెలో పిల్లలకి ఎరుపు పోయి ఒళ్ళు నల్లబడింది, నోరు సాగింది. ముందు రొయ్యలు పోయాయి. ఒక పొద్దున్న ఆఖరి గప్పీ తోక కొర్రమీను నోట్లోంచి వేలాడుతూ కనిపించింది. పెదనాన్న "అయ్యయ్యో" అంటూ నీళ్ళలో చేయిపెట్టి వాటిని ఏరి బయట పడేశారు. "నాదే తప్పమ్మా. తెలిసి తెలిసి ఏసీసేను," అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క ఆయన్నే చూస్తూ అడిగింది, "మరి నన్నెందుకు పంపుతన్నావు నాన్నా?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని లోపలికెళ్ళిపోయారు. మర్నాడు ఆమెని బస్సెక్కించారు. చేపల విషయంలో అంత తొందరగా తప్పు ఒప్పుకున్న మనిషి, కూతురి దగ్గరికొచ్చేసరికి నలుగురి నోటికి భయపడ్డారు.

ఆ ఏడు చెరకు నరకడం మొదలవకముందే కబురొచ్చింది, అక్క నూతిలో పడి చనిపోయిందని. ఎలా పడిందో ఎవరూ చెప్పలేదు, గట్టిగా అడిగినవాళ్ళూ లేరు. పెదనాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉన్నారు. ఆయన నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

నాకిప్పుడు మనవలున్నారు. కొన్నేళ్ళ కిందట మా అమ్మాయి చెప్పాపెట్టకుండా చంటిదాన్ని చంకనేసుకొచ్చి గుమ్మంలో నిలబడింది. మా ఆయన "అల్లుడికి ఫోన్ చేసి మాట్లాడదాం" అనబోతే నోరు మూయించాను. దానికి అన్నం పెట్టి, తెల్లారాక నేనే వాళ్ళింటికి వెళ్ళి దాని బట్టలన్నీ మూటగట్టుకుని, ఇంక అది రాదని వాళ్ళ గుమ్మంలోనే చెప్పి వచ్చాను. వస్తున్నంతసేపూ బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. అక్క కోసం ఆ మాట చెప్పడానికి వాళ్ళ అత్తారింటి గుమ్మం దాకా ఎవరూ వెళ్ళలేదు.