బిగుతు సంచి

"ఈ పాత ల్యాప్‌టాప్‌కి నెట్ రాలేదవ్వా! రేప్పొద్దున ఇంటర్వ్యూకి ఎట్లా మాట్లాడేది? కొత్తది కొనియ్యి."

"పోయిన వారందాకా వచ్చింది కదే! నీకు కొత్తదాని మింద మోజు, అంతే."

తిరుత్తణిలో రైలెక్కిన నేనూ మనవరాలూ అరక్కోణం దాటినా ఇలాగే కొట్లాడుకుంటున్నాం. ఎదురు సీటులోని ఒకామె "ఇట్లా ఇయ్యి పాపా" అని ల్యాప్‌టాప్ అందుకుంది. దాని అంచున ఉన్న చిన్న మీటను వేలితో జరిపింది. వెంటనే మనవరాలి ఫోన్ నుంచి నెట్ అందింది. తర్వాత, మగ్గం మీద మిగిలిన గుడ్డతో నేను కొత్తగా కుట్టిన సంచిలోకి దాన్ని దూర్చి తీసింది. నెట్ మళ్ళీ పోయింది.

"ఇది బాగానే ఉండాదక్కా. సంచే బిగుతు. తోసినప్పుడంతా ఈ నెట్ స్విచ్చిని ఆపేస్తా ఉండాది."

"గుడ్డ వేస్టు కాకూడదని కొలిచి కుట్టినాను."

"తెలస్తానే ఉండాది!" అని నవ్వి, గాజుకున్న పిన్నీసు తీసి సంచిలో ఆ స్విచ్చి తగిలే మూల కుట్లు విప్పింది. తిరువళ్ళూరులో దిగిపోయింది. నేను ఆమె పేరు కూడా అడగలేదు.

మరునాడు పొద్దున మనవరాలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూకి కూర్చుంది. నెట్ ఒక్కసారి కూడా పోలేదు. నేను పక్క గదిలో కూర్చుని, దాచుకున్న మంచి గుడ్డలోంచి జానెడు కత్తిరించి, సంచి మూలకు వదులుగా అతుకు వేశాను.