ఎడ్ల వ్యాను కొలతల్లో రేసు బైకులు

2023 ఆగస్టు. మిరప నారు ఇంకా మడుల్లోనే ఉంది, పత్తి మోకాలెత్తు వచ్చింది. ఒంగోలు బైపాస్ పక్కన నాకు బాడీ బిల్డింగ్ షెడ్డుంది. లారీ అయినా మినీ లారీ అయినా కంపెనీ నుంచి వట్టి ఛాసిస్‌గా వస్తుంది, అంటే చక్రాలూ ఇంజనూ ఇనప చట్రమూ అంతే. దాని మీద తొట్టి, తలుపులు, పైకప్పు కట్టేది మాలాంటివాళ్ళం. ఇరవై ఏడేళ్ళుగా నాకిదే పని. మిర్చి బస్తాలు, మేం టిక్కీలంటాం, వాటి లారీలు, పొగాకు బేళ్ళ లారీలు చాలానే కట్టాను గానీ, బ్రహ్మం అంటే జనానికి గుర్తొచ్చేది ఎడ్ల వ్యాన్లే. బండలాగుడు పందేలకి ఎడ్లజతల్ని ఊరూరూ తీసుకుపోయే మూసిన వ్యాన్లవి. ఆ విషయంలో నాకు కాస్త పొగరని మా ఇంట్లోవాళ్ళే అంటారు. పని వచ్చినవాడికి ఆ మాత్రం ఉండాలిలే అనుకునేవాణ్ణి.

ఆ నెల మొదట్లో ఒక ఉదయం పొదిలి దగ్గర్నుంచి కోటయ్య గారు వచ్చారు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన ఎడ్లకి వ్యాను కట్టింది నేనే. మోకాళ్ళ నొప్పులొచ్చాక ఎడ్లనీ వ్యాన్నీ కలిపి ఎవరికో ఇచ్చేశారని విన్నాను. ఆయన వెనకాలే కూతురు శ్రావణి దిగింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. వస్తూనే షెడ్డులో ఉన్న రేకులూ ఛానళ్ళూ తట్టి చూసుకుంటూ తిరుగుతోంది.

"ఇంకో బండి కట్టాలి బ్రహ్మం. ఈసారి ఎడ్లకి కాదు, అమ్మాయి బైకులకి" అన్నారాయన.

"బైకుని మోయడానికి బండెందుకండీ, ఎక్కి నడుపుకుపోతే పోలా?" అని నవ్వాను.

శ్రావణి నవ్వలేదు. ఆ పిల్ల ట్రాక్ మీద రేసులు నడుపుతుందని అప్పుడు తెలిసింది నాకు. రేసు బైకుకి హెడ్‌లైటుండదు, నంబరు ప్లేటుండదు, రోడ్డు మీద నడపకూడదు. ఎక్కడికైనా మోసుకుపోవాల్సిందే. కిందటి రౌండుకి రెండు బైకుల్నీ మినీ గూడ్సు బండిలో ఎక్కించి, పత్తి బోరాలకి కట్టినట్టు తాళ్ళు బిగించి కోయంబత్తూరు పంపారట. సగం దారిలో తాళ్ళు వదులై ఒకదాని మీద ఇంకొకటి పడ్డాయి. ట్యాంకు సొట్టపోయింది, హ్యాండిల్ వంగింది. అంత దూరం పోయి, మిగతావాళ్ళ రేసు గట్టు మీద కూర్చుని చూసి వచ్చింది.

"నెలాఖరున అక్కడే ఆఖరి రౌండు బాబాయ్. ఈసారి కూడా స్టార్టింగ్ లైను దగ్గర నేను లేకపోతే టీములో నా సీటు వేరేవాళ్ళకి ఇస్తామన్నారు. గెలవమని అడగట్లేదు వాళ్ళు. బైకుతో సహా రమ్మంటున్నారు, అంతే."

నాకు హుషారొచ్చేసింది. కొత్త పని చూస్తే నాకు అన్నం కూడా గుర్తుండదు. జీపు వెనక తగిలించే పన్నెండడుగుల ట్రైలర్, నాలుగు వైపులా మూసినది, వెనక తలుపు కిందికి దించితే అదే ర్యాంపు. ఇరవై రోజుల్లో ఇస్తానని ఒప్పుకున్నాను.

బైకుని ఎలా కట్టాలో మాత్రం ఆ పిల్లే నాకు నేర్పింది. ముందు చక్రం వీల్ చాక్‌లో దూరాలి. అది చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఇనప దవడ. తర్వాత హ్యాండిల్ దగ్గర మెత్తటి పట్టీ ఉచ్చు వేసి, దానికి ర్యాచెట్ స్ట్రాప్ తగిలించి, చెరో పక్కకీ ఏటవాలుగా కిందికి లాగాలి. ర్యాచెట్ అంటే పళ్ళచక్రంతో బిగించే బెల్టు. నేను నా అలవాటు కొద్దీ పళ్ళు కిర్రుమనేదాకా బిగించాను. శ్రావణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అంత వద్దు బాబాయ్. ముందు చక్రం ఫోర్కు స్ప్రింగు పూర్తిగా కూచుంటే లోపలి ఆయిల్ సీళ్ళు పోతాయి. సగం దిగితే చాలు, మిగతా సగం కుదుపులకి."

"మిర్చి టిక్కీలకి ఈ గొడవ లేదమ్మా" అన్నాను.

"టిక్కీలతో రేసుకి పోరుగా."

పిల్ల నోరు గట్టిదే అనుకున్నాను. నాకు నచ్చింది.

స్ట్రాపులు తగిలించే డీ రింగుల్ని ప్లైవుడ్ నేలకి స్క్రూలు కొట్టి వదిలెయ్యలేదు నేను. కింద ఉన్న ఇనప అడ్డదూలాల్లోకి బోల్టులు దింపి, అడుగున పలకలు పెట్టి బిగించాను. మా వెల్డర్ సుభాని నాతో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాడు. ఒక్కో రింగుకీ చెయిన్ తగిలించి క్రేనుతో లాగి చూశాడు. ట్రైలర్ లేచిందిగానీ రింగు కదల్లేదు. పెట్రోలు ఆవిరి నిలవకుండా కింద రెండు, పైన రెండు గాలి జాలీలు పెట్టాం. ఇంతవరకూ నా పనికి వంక పెట్టేవాడు లేడు.

లోపల ఏది ఎక్కడుండాలి అన్నప్పుడు మాత్రం నేనూ కోటయ్య గారూ ఒక్క మాట మీద ఉన్నాం. ఎడ్ల వ్యానులో ముందు భాగం మేత అర. జొన్న చొప్ప, ఉలవల బస్తా, నీళ్ళ డ్రమ్ము అక్కడ. ఎడ్లు వెనక, తలుపుకి దగ్గరగా. పందెం దగ్గర దిగగానే జనం మూగకముందే జతని కిందికి దించెయ్యాలి గదా. ఇదీ అంతే అన్నారాయన. ముందు నాలుగడుగులు గోడ కట్టి అమ్మాయి బట్టలు మార్చుకునే అర, హెల్మెట్లు, కుర్చీలు. వెనక బైకులు, వాటి పక్కనే స్పానర్ల పెట్టె, జనరేటరు. తలుపు దించితే బైకు అక్కడే ఉంటుంది. శ్రావణి కూడా చూసి బాగుంది అంది. అక్కడే ముగ్గురం పప్పులో కాలేశాం. మిగతా ఇద్దరికీ తెలియదంటే అర్థముంది, నేను బండ్లు కట్టేవాణ్ణి.

బండి పూర్తయ్యాక, మంగళవారం పొద్దున్నే సామానంతా ఎక్కించి, జీపుకి తగిలించి పొదిలి రోడ్డు మీద చూద్దామన్నారు కోటయ్య గారు. బుధవారం బయల్దేరాలి. మామూలుగా నేను పోను. గేటు దాటాక బండి డ్రైవరుది అని నా లెక్క. ఆ రోజు కొత్త బండి కాబట్టి సరదా పుట్టి వెనక సీట్లో కూర్చున్నాను.

నలభై స్పీడు దాకా నెయ్యిలా పోయింది. యాభై ఐదు దగ్గర జీపు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని ఊపినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే ట్రైలర్ ఎడమకీ కుడికీ తోక ఊపుతోంది. ఒక్కో ఊపుకీ ఇంకాస్త పెరుగుతోంది. ఎదురుగా లారీ. కోటయ్య గారు బ్రేకు తొక్కారు, ఊపు రెట్టింపయింది.

"బ్రేకొద్దు నాన్నా, కాలు తీసెయ్. స్టీరింగు నిటారుగా పట్టుకో, తిప్పకు" అంది శ్రావణి. గొంతు పెంచలేదు కూడా. రేసులో హ్యాండిల్ కొట్టుకుంటే వాళ్ళు చేసేది అదేనట. ఆయన కాలు తీశారు. లారీ మా పక్క నుంచి హారన్ మోగించుకుంటూ పోయింది. బండి నెమ్మదించింది, ఊపు తగ్గింది, ఆగింది.

దిగాం. తలుపు దించి చూస్తే బైకులు చక్కగా నిలబడే ఉన్నాయి. ఒక్క పట్టీ వదులవ్వలేదు. అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. కట్టు బాగుంది, బండే తప్పు.

షెడ్డుకి ముప్పై మీద నడిపించుకొచ్చాం. పక్కనున్న కోల్డ్ స్టోరేజీ నుంచి మిర్చి తూచే కాటా తెప్పించాను. జీపు నుంచి విప్పి, ట్రైలర్ ముక్కుని, అంటే జీపుకి తగిలించే కొసని, దాని మీద దించాం. ట్రైలర్ మొత్తం బరువు తొమ్మిది వందల కిలోల దగ్గర. అందులో పదో వంతు పైనే ముక్కు మీద పడాలి, అప్పుడే వెనక భాగం బుద్ధిగా వస్తుంది. కాటా ఇరవై రెండు చూపించింది. బరువంతా ఇరుసు వెనక్కి పోయింది. నేనిన్నాళ్ళూ కట్టినవి సొంత ఇంజనున్న బండ్లు, వాటికి ఈ లెక్క అంత పట్టింపు లేదు. లాక్కుపోయే బండికి ఇదే ప్రాణం. చదవకపోలేదు, ఎప్పుడో చదివాను. ఎడ్ల వ్యాన్ల పొగరులో ఆ సంగతి తలకెక్కలేదు.

"ఏం కాదులే బ్రహ్మం. నలభై దాటకుండా పోతాం" అన్నారు కోటయ్య గారు.

"ఇవ్వను" అన్నాను.

"ఏంటీ?"

"బండి ఇవ్వనండి. ఘాట్ రోడ్డు దిగుతుంటే నలభైలో ఉంటుందా ఇది? తప్పు నాది. అంతా పీకి మళ్ళీ కడతాను. రేపొక్కరోజు ఇవ్వండి."

శ్రావణి మొహం ఎర్రబడింది. "శుక్రవారం సాయంత్రం ఐదింటికి బైకుల తనిఖీ బాబాయ్. అది దాటితే లోపలికి రానివ్వరు. రేపు పోకపోతే రెండ్రోజుల్లో అంత దూరం పోవాలి. మీ పని నచ్చక మీరు ఆపుకుంటే పోయేది నా సీటు."

ఒళ్ళు మండింది నాకు. ఆ పిల్ల మీద కాదు, నా మీద. "నీ సీటు పోతే నా షెడ్డుకి తాళమేస్తానమ్మా" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

తను నన్నోసారి చూసింది. జీపులోంచి గ్లౌజులు తెచ్చుకుని, "ముందేం విప్పాలి?" అంది.

ఆ మధ్యాహ్నమూ మర్నాడంతా షెడ్డు తిరనాళ్ళలా ఉంది. ముందు బట్టల అర గోడ పీకేశాం. వీల్ చాకుల్ని మూడున్నర అడుగులు ముందుకి జరిపాం. కొత్త చోట కింద దూలాలు లేవు, సుభాని బండి కింద వెల్లకిలా పడుకుని రెండు సీ ఛానళ్ళు కొత్తగా అతికాడు. జనరేటరు సరిగ్గా ఇరుసు మీదికి, స్పానర్ల పెట్టె దాని ముందుకి, తేలికపాటి టైర్లూ కుర్చీలూ వెనక్కి. పాత బోల్టు బెజ్జాలకి శ్రావణి సీలెంటు పూసింది. కోటయ్య గారు కాటా దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మేమొకటి జరిపినప్పుడల్లా అంకె చదవడమే ఆయన పని. నలభై ఎనిమిది. డెబ్భై ఒకటి. తొంభై. జనరేటర్ని ఇంకో అర అడుగు తోశాం.

"నూట పన్నెండు" అన్నారాయన.

సుభాని బండి కింద నుంచే ఈల వేశాడు. మళ్ళీ పొదిలి రోడ్డుకి పోయాం. యాభై ఐదు, అరవై, డెబ్భై. ట్రైలర్ జీపు వెనక కుదురుగా వచ్చింది. శ్రావణి ముందు సీట్లోంచి తిరిగి నన్ను చూసి నవ్వింది. ఇరవై రోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

గురువారం తెల్లవారగానే బయల్దేరారు. నేనూ ఎక్కాను. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దనీ అనలేదు. ముప్పై కిలోమీటర్లకి ఒకసారి ఆపించాను. కొత్తగా బిగించిన పట్టీ కొంచెం దూరం పోయాక సర్దుకుని వదులవుతుంది, మళ్ళీ ఒకటి రెండు పళ్ళు బిగించాలి. తర్వాత వంద కిలోమీటర్లకోసారి. చివరికి కోటయ్య గారు, "ఎడ్లని తీసుకుపోయినప్పుడు కూడా ఇన్నిసార్లు దిగలేదయ్యా" అని విసుక్కున్నారు. శుక్రవారం మూడున్నరకి ట్రాక్ గేటు దగ్గరున్నాం. ర్యాంపు దించితే రెండు బైకులూ నేను కట్టినట్టే నిలబడి ఉన్నాయి. అద్దాల్లేని ఆ బైకుని శ్రావణి వెనక్కి నడిపించి కిందికి దించి, తనిఖీ వరసలో పెట్టింది. నాకు కళ్ళు చెమర్చాయి. చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

ఆదివారం రేసు. ఇరవై ఏడేళ్ళలో నేను కట్టిన బండి దేనికోసం పోతుందో పోయి చూడ్డం నాకదే మొదటిసారి. పదహారు బైకులు వరసలో నిలబడ్డాయి. మూడో వరసలో ఆ పిల్ల. లైటు ఆరగానే వచ్చిన చప్పుడుకి నా ఛాతీ అదిరింది. కోటయ్య గారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు, రేసు అయిందాకా వదల్లేదు. ఐదో స్థానంలో వచ్చింది. టీము పెద్దాయన వచ్చి, వచ్చే ఏడాదికి కూడా సీటు తనదేనని చెప్పి చెయ్యి కలిపాడు.

తిరుగు దారిలో వెనక సీట్లో శ్రావణి నిద్రపోతోంది. నేను మాట వరసకి, "కోటయ్య గారూ, నేను కట్టిన ఎడ్ల వ్యాను ఎలా ఉండేదండీ?" అని అడిగాను. బాగుండేదంటారనే అడిగాను.

"గట్టి బండి. కాకపోతే మలుపుల్లో ఎడమ ఎద్దు తొడ ఆ పక్క రాడ్డుకి రాసుకుపోయేది. పందేనికి దిగేసరికి ప్రతిసారీ తోలు లేచేది. రాడ్డుకి గోనెపట్టా చుట్టుకునేవాళ్ళం."

"ప్రతిసారీనా? ఒక్కసారైనా చెప్పలేదేం?"

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నారు: "నువ్వెప్పుడూ అడగలేదుగా బ్రహ్మం."

అదే రాడ్డు కొలతతో నేను ఇంకా ముప్పై వ్యాన్ల దాకా కట్టాను. మర్నాడు పొద్దున్న షెడ్డు తెరవగానే పాత రసీదు పుస్తకాలు దించి, ఒక్కొక్క నంబరుకీ ఫోను చెయ్యడం మొదలుపెట్టాను.