శనివారం ఒప్పుకోలు

పోయిన నెల మా పాత బడివాళ్లు నన్ను పిలిచారు. మెదక్‌లో నర్సాపూర్ రోడ్డు పక్కన, నా చిన్నప్పుడు రెండు రేకుల షెడ్లూ ఒక చేదబావీ తప్ప మరేమీ లేని ఆ హాస్టల్ బడి ఇప్పుడు మూడంతస్తుల మేడ అయింది. ఈ బడి నాకు ఏమిచ్చిందో పిల్లలకు చెప్పమని, నా కూతురి వయసున్న హెడ్మాస్టరమ్మ మైకు చేతికిచ్చింది. కత్తెర ఎలా పట్టుకోవాలో, కొలత ఎందుకు రెండుసార్లు తీసుకోవాలో, చెప్పిన రోజుకు బట్ట ఇవ్వకపోతే గిరాకీ ఎలా పోతుందో అరగంట చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. శాలువా అంచు సరిగా మడవలేదు, అది వేరే సంగతి. ఇంటికి వచ్చాక మాత్రం మనసు కుదురుగా లేదు. చెప్పినదంతా నిజమే గానీ, చెప్పకుండా మింగినది ఒకటి ఉంది. అది పిల్లల ముందు చెప్పే మాట కాదు, నా ఈడువాళ్లతోనైతే చెప్పుకోవచ్చు.

మాది ఎల్దుర్తి. నాన్న పోయాక అమ్మ నాట్లకూ కలుపులకూ పోయి నన్ను సాకింది. ఊళ్లో ఐదో తరగతి అయ్యాక, మెదక్‌లో లేనివాళ్ల పిల్లలకు తిండి పెట్టి, చదువుతోపాటు పని కూడా నేర్పే బడి ఒకటుందని ఎవరో చెబితే, ఒక రేకుపెట్టెలో రెండు జతల బట్టలు పెట్టి నన్ను తీసుకొచ్చి వదిలింది. పొద్దున చదువు, మధ్యాహ్నం పని. మగపిల్లలకు వడ్రంగం, ఆడపిల్లలకు కుట్టు. పెద్ద చర్చి గంటే మాకు గడియారం. పొద్దున జొన్న గటుక, మాపటికి అన్నం, ఆదివారం తలా ఒక గుడ్డు. ఆ గుడ్డు కోసం వారమంతా ఎదురుచూసిన మేము, ఇప్పుడు మనవలు గుడ్డు పక్కకు నెడితే ఎందుకంత కోపం తెచ్చుకుంటామో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

మా కుట్టు టీచరు పొట్టిగా, బక్కగా ఉండేది, గొంతు మాత్రం రెండు షెడ్లకూ వినబడేది. మొదటి ఏడాదంతా గుడ్డ ముట్టుకోనివ్వలేదు, పాత పేపర్ల మీదే కత్తిరించమంది. కుట్టు వంకర పోతే తిట్టేది కాదు, పక్కన కూర్చుని మొత్తం ఊడదీయించేది. ఊడదీసే ఓపిక లేనివాళ్లకు కుట్టే అర్హత లేదని ఆమె లెక్క. పెళ్లి చేసుకోలేదు, బడే ఇల్లు. నాకు జ్వరం వస్తే తన గదిలో పడుకోబెట్టుకుని నుదుటి మీద తడిబట్ట మార్చిన మనిషి. అమ్మ తర్వాత అమ్మ అని ఆమెను ఊరికే అనేదాన్ని కాదు, అప్పట్లో నిజంగా అలాగే నమ్మాను.

ఆమె పెట్టిన ఆచారం ఒకటుండేది. ప్రతి శనివారం సాయంత్రం పిల్లలందరం వరండాలో వరుసగా కూర్చునేవాళ్లం. ఆ వారం ఎవరు ఏ తప్పు చేశారో వాళ్లే లేచి నిలబడి చెప్పాలి. నీ తప్పు నువ్వు చెప్పాలి గానీ పక్కపిల్ల తప్పు ఎత్తకూడదు. చెప్పినవాళ్లకు దెబ్బలు లేవు, తిండి ఆపడం లేదు. అంతా విని ఆమె ఎప్పుడూ ఒకే మాట అనేది.

“ఒప్పుకున్నవ్, ఐపోయింది. సోమారం నుంచి దీని ముచ్చట ఎవ్వలు ఎత్తద్దు.”

లేచేటప్పుడు భయమేసేది. ఆ మాట చెవిన పడగానే మాత్రం ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టుండేది. సూది విరగ్గొట్టిన పిల్ల, వంటింట్లో బెల్లం తిన్న పిల్ల, అందరమూ ఆ మాట నమ్ముకునే లేచేవాళ్లం. ఎన్ని శనివారాలు గడిచినా ఆమె ఆ మాట తప్పలేదు.

పదో తరగతి అయ్యాక ఏటా ఒక్క ఆడపిల్లను హైదరాబాదులో క్రాఫ్ట్ టీచరు ట్రైనింగుకు పంపేవాళ్లు. అది పూర్తి చేస్తే ఏదో ఒక బడిలో కుట్టు టీచరు ఉద్యోగం ఖాయం. ఎవరిని పంపాలో మా టీచరు రాసే ఉత్తరం మీదే ఆధారం. ఆ ఏడు ఆ ఉత్తరం నాదేనని అందరూ అనుకునేవాళ్లు. టీచరు కూడా నాతో రెండుసార్లు అంది. అమ్మ అయితే ఎల్దుర్తిలో వాడంతా చెప్పుకుంది, నా బిడ్డ టీచరమ్మ అయితదని.

వార్షికోత్సవానికి చిన్నపిల్లలందరికీ ఒకే తీరు గౌన్లు కుట్టాలని ఎవరో దాత పూల చీటిగుడ్డ తాను పంపాడు. కత్తిరించే పని నాకూ నా జతపిల్లకూ అప్పగించారు. ఆమెది కుల్చారం, తల్లీ తండ్రీ లేరు, ఆరో తరగతి నుంచి నా పక్క చాప మీదే పడుకునేది. ఆమె గుడ్డ ముక్కలను ఒకదాని మీద ఒకటి పరిచింది, నేను కత్తెర పెట్టాను. కుట్టు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ తెలియనివాళ్లకు చెబుతున్నాను: గౌను చేతికి ముందు భాగం కాస్త లోతుగా తీస్తారు కాబట్టి కుడిచెయ్యి ఎడమకు పనికిరాదు. అందుకే ఒకవైపే పూలుండే అచ్చుగుడ్డను ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పరిస్తే జతలు వస్తాయి. ఆమె అన్నీ వెల్లకిలానే పరిచింది. కత్తిరించేవాళ్లు ముందు మూలలు ఎత్తి చూసుకోవాలని టీచరు నూరుసార్లు చెప్పింది. నేను చూడలేదు. నా చెయ్యి మీద నాకంత గర్వం. పాతిక మంది పిల్లల గౌన్లకు అన్నీ కుడిచేతులే వచ్చాయి.

చివరికి తెల్లగుడ్డతో చేతులు కుట్టి అతికించాం. ఆ తెల్లచేతుల గౌన్లే బాగున్నాయని వచ్చిన పెద్దలు మెచ్చుకున్నారు కూడా. నష్టమేమీ జరగలేదు. అయినా ఆ శనివారం లేచి నిలబడ్డాను. మూలలు చూసుకోకుండా కత్తెర పెట్టాను, తప్పు నాది అన్నాను. పరిచింది ఎవరో చెప్పలేదు, అది ఆచారం కాదు. నా జతపిల్ల తల దించుకుని చాప పోగులు గిల్లుతూ కూర్చుంది, లేవలేదు. ఒప్పుకున్నవ్, ఐపోయింది అంది టీచరు. ఆ పూట హాయిగా అన్నం తిన్నాను.

రెండు వారాల తర్వాత అందరి ముందూ ఉత్తరం ఎవరిదో చెప్పారు. నా జతపిల్లది. ఎందుకో ఎవరూ అడగకుండానే టీచరు కారణం కూడా చెప్పింది.

“మూలలు జూసుకోకుంట కత్తెర వెట్టిన పిల్లను నేనెట్ల పంపుదు?”

నేను ఆమె ముఖం వైపే చూస్తున్నాను, ఆమె మాత్రం గోడ వైపు చూస్తోంది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఒట్టు. అది తర్వాత బాధ పెట్టింది. ఆ క్షణాన నాకు తగిలింది, నా నోటితో నేను ఒప్పుకున్న మాటనే తీసి నా మీద వేసిందన్న సంగతి. తర్వాతి శనివారం వరండాలో ఒక్క పిల్లా లేచి నిలబడలేదు.

ఆదివారం అమ్మ వచ్చింది. అంతా విని, కొంగుతో మొఖం తుడుచుకుని ఒక్కటే అడిగింది.

“నిన్ను చెప్పుమని ఎవ్వలడిగిండ్రే బిడ్డా?”

అమ్మ మళ్లీ వాడలో టీచరమ్మ మాట ఎత్తలేదు.

నేను మెదక్‌లోనే ఒక టైలరు కింద కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, పెళ్లయ్యాక సొంతంగా మిషను పెట్టుకుని, తర్వాత బజారులో దుకాణం తెరిచాను. బాగానే బతికాను, అబద్ధమెందుకు? చేతిలో ఉన్న పని ఆ బడి పెట్టిన భిక్షే. నా జతపిల్ల టీచరయింది, ఆదిలాబాదు వైపు స్థిరపడింది. మొదట్లో రెండు ఉత్తరాలు రాసింది, నేను జవాబివ్వలేదు. ఆమె మీద కోపం చాలాకాలం క్రితమే చల్లారింది. పదిహేనేళ్ల పిల్ల భయపడింది, అంతేగా. పెద్దామె అయిన టీచరు సంగతి అలా కాదు.

ఆ పెద్దామె రిటైరయిన చాలా ఏళ్లకు, కంటి ఆపరేషనయి, చెల్లెలి చెయ్యి పట్టుకుని నా దుకాణానికి వచ్చింది, రవికె వదులు చేయించుకోవడానికి. స్టూలు వేశాను, చాయ్ తెప్పించాను. నేను కుట్లు ఊడదీస్తుంటే కాసేపు చప్పుడు విని, నేనేమీ అడగకుండానే మొదలుపెట్టింది.

“గుడ్డ పరిచింది ఆ పిల్లేనని నాకప్పుడే ఎరుక బిడ్డా. గని బడి ఇడిస్తే దానికి పోను ఇల్లు లేకుండె. నీకు మీయమ్మ ఉండె. నువ్వు తట్టుకుంటవనుకున్న.”

చేతిలో పని ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆమె నన్ను పని రానిదానిగా లెక్కగట్టిందని కుమిలాను. కాదు, దయతో చేసింది. ఆ దయకు సాకు కావాలి కాబట్టి నా ఒప్పుకోలును వాడుకుంది.

“గదే ముచ్చట నాతోని జెప్తే నేనే ఇడిశిపెడ్దును గద టీచర్,” అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకుంది.

“కాదంటవేమోనని బుగులైంది,” అంది.

ఆ మాట నాకు మొదటిదానికంటే ఎక్కువ తగిలింది. ఐదేళ్లు ప్రతి శనివారం కూర్చోబెట్టి మాకు మంచి గుణం నేర్పిన మనిషి, నేర్చుకున్న పిల్లను ఒక్కసారి నమ్మి అడగడానికి భయపడింది. నిజంగా అడిగితే ఇచ్చేదాన్నే. ఇచ్చి, నేనే నా జతపిల్ల పెట్టె సర్దేదాన్ని. అలా ఇచ్చే అవకాశం కూడా నాకు దక్కలేదు. రవికె కుట్టి ఇచ్చాను, మెట్లు దిగేదాకా చెయ్యి పట్టుకున్నాను. తర్వాత రెండేళ్లకు ఆమె పోయింది, వెళ్లి ఏడ్చాను కూడా. ఎవరికోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పుడు ఏ బడిలో చూసినా మూలమూలకూ కెమెరాలే. ఏది పగిలినా ఎవరు పగలగొట్టారో తెర మీద చూస్తారు, పిల్లలను లేచి చెప్పమనే పని లేదు. వాళ్లకు మా భయం తెలియదు, ఆ మాట విన్నాక ఒళ్లు తేలికపడడమూ తెలియదు. వాళ్లు తప్పించుకున్నారో పోగొట్టుకున్నారో నేను తేల్చుకోలేను. నా దుకాణంలో గుడ్డ చెడితే, బజారుకు పోయి అదే రకం గుడ్డ తెచ్చి మళ్లీ కుట్టి, నవ్వుతూ చేతికిస్తాను. నలభై ఏళ్లలో ఒక్క గిరాకీకీ నష్టం రానివ్వలేదు. చెడగొట్టానని ఒక్కరితోనూ చెప్పలేదు.